పాత పద్ధతిలో వచ్చినవారు

ఆ ఆఫీసులో తలుపులన్నీ కార్డుతోనే తెరుచుకుంటాయి. ఏ తలుపు తెరుచుకున్నా డేటాబేస్‌లో ఒక వరుస పడుతుంది. డేటాబేస్‌తో మాట్లాడే ‘డ్రైవర్’ అనే ప్రోగ్రామ్‌ని ఆ సాయంత్రమే మార్చారు. పాత పద్ధతిలో అడిగినా కొత్త డ్రైవర్ తలుపు తీస్తుంది గానీ, పక్కనే ‘ఇది పాత పద్ధతి’ అని సణుగుతుంది.

అందరి కార్డులూ కొత్త పద్ధతికి మార్చేసి, పై అంతస్తులో ఒంటరిగా ఉన్న ప్రోగ్రామర్ బ్యాగు సర్దుకుంటుండగా తెరమీద ఆ సణుగుడు పడింది. కింది తలుపు తెరుచుకుంది. కార్డు నంబరు దగ్గర ఖాళీ.

కారులో తనకోసం ఎదురుచూస్తున్న సీనియర్‌కి ఫోన్ చేసింది. “అన్నా, లోపలికి ఎవరైనా వచ్చారా?”

“పురుగు కూడా రాలేదమ్మా. వాచ్‌మన్, నేను గేటు దగ్గరే ఉన్నాం.”

మెట్ల తలుపు తెరుచుకున్నట్టు ఇంకో వరుస పడింది. తర్వాత వరండా తలుపు. ఈసారి తాళం టక్కుమనడం చెవులకే వినిపించింది.

“అన్నా, పాత పద్ధతి పూర్తిగా తీసేస్తున్నా.”

“రేపు చూద్దాంలే. ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో.”

ఆమె వినలేదు. ఆ వెసులుబాటు తీసేసి డ్రైవర్‌ని మళ్లీ నడిపించింది. వెంటనే తెరమీద తన గది తలుపు పేరు, దాని పక్కన ‘ఈ పద్ధతి ఇక లేదు’ అన్న మాట కనిపించాయి. తాళం కదల్లేదు. ఆమె గుండె కుదుటపడింది.

అప్పుడు తలుపు మీద ఎవరో మెల్లగా, మర్యాదగా తట్టారు.

“ఎవరో వచ్చినట్టున్నారు,” అన్నాడు ఫోన్‌లో సీనియర్. “తియ్యమ్మా.”