ఈక గాలం

"చేప పడితేనే మాట. పడకుంటే ఈ బండ మీదనే సంబంధం ఆఖరు" అన్నాడు ఖాదర్, లుంగీ పైకి మడిచి పెన్న ఒడ్డున కూర్చుంటూ.

అన్సర్ తల ఊపాడు. పులివెందుల పిల్లోడు. హిమాచల్‌లో ఒక కొండ నది దగ్గర, వచ్చిపోయే టూరిస్టులకు ట్రౌట్ చేపలు పట్టడం నేర్పడం అతని ఉద్యోగం. అక్కడ మంచు కరిగి నదులు పారే కాలం వచ్చేసింది. ఈ వారంలోనే రైలెక్కాలి. ఎక్కేలోగా ఖాదర్ కూతురు తహసీన్‌తో పెళ్లి ఖాయం చేసుకోవాలి. ఆ పిల్లను ఒకే ఒక్కసారి చూశాడు. అప్పటినుంచి అతనికి అన్నం సహించడం లేదు.

ఖాదర్‌కు ప్రొద్దుటూరులో చేపల అంగడి ఉంది. ఇంటిల్లిపాదికీ చేపల మీదే బతుకు. "మావోడిది గుడక చేపల పనే" అని చెప్పి సంబంధం కదిపినవాడు అన్సర్ చిన్నాయన లాల్ బాషా. ఆయనది చీనీకాయల తోట. బోరు నీళ్లు తప్ప పారే నీళ్లు పెద్దగా ఎరగడు. చేపల పని అనగానే ఖాదర్ మురిసిపోయాడు. తీరా పిల్లోడు చేప పట్టి ఎక్కడా అమ్మడని, వట్టి కర్ర ఊపడం నేర్పితే జీతమిస్తారని తెలిశాక అనుమానమొచ్చి, ఇద్దర్నీ పొద్దున్నే మైలవరం డ్యామ్ కింది మడుగుకు లాక్కొచ్చాడు.

అన్సర్ సంచిలోంచి ముక్కలు తీసి ఒకదానికొకటి తగిలించాడు. బెత్తం కంటే సన్నటి కర్ర తయారైంది. దారం చివర కోడి ఈకతో కట్టిన చిన్న గాలం.

"ఎర యాడ?" అన్నాడు ఖాదర్.

"ఈకే ఎర మామా. నీళ్ల మీద పురుగు మాదిరి వాలుతాది. చేప నిజమనుకోని మింగుతాది."

"వానపాము ల్యా, పిండి ల్యా. కోడి ఈకకు చేపంట." ఖాదర్ లాల్ బాషా వైపు తిరిగాడు. "ఏందప్పా ఇది, చేప పట్టేదా, దిష్టి తీసేదా?"

"చలికాలంలో నిఖా పెట్టుకుంటే పిల్లోనికి సెలవు శానా దొరుకుతాదంట" అన్నాడు లాల్ బాషా మాట మార్చి.

"ఆలూ ల్యా సూలూ ల్యా, కొడుకు పేరు సోమలింగమంట. ముందు చేపను సూడనీ."

దారం గాలిలో వెనక్కీ ముందుకీ ఊగి, ఈక నీళ్ల మీద వాలింది. ఏమీ లేదు. మళ్లీ వేశాడు. మళ్లీ ఏమీ లేదు. ఎండ ఎక్కింది. ఖాదర్ బీడీ ముట్టించి ఆవులించాడు. కొండల్లో నీళ్లు అద్దంలా ఉంటాయి, చేప ఎక్కడుందో కనిపిస్తుంది. ఇక్కడ మడుగంతా పచ్చగా, మందంగా ఉంది.

జమ్ము పక్కన నీటి బుడగ ఒకటి లేచింది. ఏదో చేప గాలి పీల్చుకోడానికి పైకొచ్చింది. అన్సర్ ఊపిరి బిగబట్టి ఈకను సరిగ్గా అక్కడ వేసి, కప్ప గెంతినట్టు కొంచెం లాగాడు. నీళ్లు ఒక్కసారిగా పగిలాయి. కర్ర విల్లులా వంగింది.

"పడిందిరా" అన్నాడు లాల్ బాషా లేచి నిలబడి.

చేప జమ్ములోకి దూరబోయింది. అన్సర్ దారం వదిలాడు, లాగాడు, మళ్లీ వదిలాడు. చివరికి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి రెండు చేతులా పట్టుకున్నాడు. మోచేయంత కొర్రమీను.

ఖాదర్ బీడీ ఎక్కడో పడిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, వెంట తెచ్చుకున్న సంచి తెరుచుకుంటూ నీళ్ల అంచుకు పరిగెత్తాడు. "ఇంత కొర్రమీను నా అంగడికొచ్చి ఏడాదైంది. ఇట్ల తే అల్లుడా."

'అల్లుడా' అన్న ఒక్క మాట తప్ప అన్సర్‌కు ఇంకేమీ వినబడలేదు. మనసు పెళ్లి పందిట్లోకి వెళ్లిపోయింది. చేతులు మాత్రం నీళ్లలోనే ఉండి, రోజూ చేసే పని చేశాయి. మెల్లగా గాలం తీశాయి. చేప పొట్ట కింద పట్టి, కాస్త తేరుకునేదాకా నీళ్లలో ఆనించాయి. తర్వాత వదిలేశాయి.

చేప తోక ఒకసారి ఆడించి లోతుకు వెళ్లిపోయింది.

ఖాదర్ తెరిచిన సంచి తెరిచినట్టే ఉంది. "ఏం చేస్తివిరా?"

అన్సర్‌కు అప్పుడు తెలిసింది ఏం చేశాడో. "అలవాటు మామా. ఆడ పట్టింది పట్టినట్టే వదిలేస్తాం. అది రూలు."

"వదిలేదానికి పట్టేదెందుకు?"

అన్సర్ మళ్లీ కర్ర అందుకున్నాడు. "ఇంకోటి పడతా మామా" అన్నాడు.

"వద్దు నాయనా. చేతికొచ్చిన కొర్రమీనును వదిలినోడు రేపు నా కూతుర్ని వదలడని ఏం గ్యారంటీ?"

అన్సర్ కర్ర ముక్కలు విడదీసి సంచిలో పెట్టుకోసాగాడు. ఏడుపొచ్చేలా ఉంది.

ఖాదర్ ఇంటికి ఫోన్ చేశాడు. అంగడి గోలకు అలవాటైన మనిషి, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. "సైదాబీ, మనోళ్లకెవరికీ కబురు చెయ్యాకు. ఈ సంబంధం కుదరదు."

"చేప పడల్యా?" అంది అతని భార్య.

"పడింది. ఇంత కొర్రమీను. పట్టి నీళ్లలోకే వదిలేసినాడు. ఎప్పుడూ అంతేనంట. ఒక్క చేపను గుడక ఇంటికి తీసకపోడంట."

అవతల ఫోన్ చేయి మారిన చప్పుడైంది.

"నాయనా," అంది తహసీన్ గొంతు, "మాటిచ్చేసి రా. బుద్ధి తెలిసినకాడి నుంచి పొలుసు గీకి గీకి నా గోళ్లన్నీ అరిగిపోయినాయి. ఇంటికి చేప తేని మొగుడు మళ్లీ యాడ దొరుకుతాడు?"