నడిఏటి పిలుపు

"రా అన్నా, రొట్టె తిందాం!"

నైలు నది మధ్యలో లంగరేసిన పడవ మీద నిలబడి, గట్టు మీది మనిషిని కేకేశాడు మిత్వల్లీ.

కేకేశాడే గానీ, వస్తాడని కాదు. నైలు మీద పడవవాళ్ల పిలుపులన్నీ అంతే. మధ్యలో అంత నీరుండగా ఎవడొస్తాడు? పిలిచిన మర్యాదా దక్కుతుంది, రొట్టే మిగులుతుంది.

గట్టు మీది మనిషికీ ఆ పద్ధతి తెలిసినట్టే ఉంది. నిన్నటి నుంచి అక్కడ గాలం వేసుకుని కూర్చుంటున్నాడు. పిలిచినప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టుకుని "నీ చెయ్యి చల్లగుండాలి!" అంటున్నాడు.

ఇవాళ ఏ గాలి కొట్టిందో, గాలం పక్కన పడేసి, ఎవరిదో చిన్న పడవ అడిగి తీసుకుని, తెడ్డు వేసుకుంటూ వచ్చేశాడు.

మిత్వల్లీ గుండెలో రాయి పడింది. ఉన్నవి రెండు రొట్టెలు, చిన్న గిన్నెడు ఉడికిన గింజలు, ఒక ఉల్లిపాయ, కాగితం పొట్లంలో ఇంత ఉప్పు.

"నిజంగానే వచ్చావే!" అన్నాడు, లేని నవ్వు తెచ్చుకుని.

"పిలిచావుగా అన్నా." ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు అతను. భారీ మనిషి. పడవ అటువైపు ఒరిగింది.

మొదటి ముద్దకే సగం రొట్టె మాయమైంది.

"అదేంటన్నా, మనిషి లేకుండా తిరుగుతోంది?" అన్నాడు నోటినిండా పెట్టుకుని, అవతల నీళ్ల మీద తిరుగుతున్న యంత్రాన్ని చూపిస్తూ.

మిత్వల్లీ ముఖం విప్పారింది. ఆ సంగతి అడిగితే చాలు, రొట్టె పోయిన బాధ కూడా మరిచిపోతాడు.

"నా గేదె! ఆఫీసువాళ్లు ఇక్కడ వదిలి, కాపలాకి నన్ను పెట్టారు. ఎండతోనే నడుస్తుంది. ఏట్లో తేలే సీసాలూ సంచులూ చెప్పులూ పొద్దంతా మేస్తుంది. కడుపు నిండితే తనే వచ్చి నా పడవలో కక్కేస్తుంది. పాలొక్కటే ఇవ్వదు."

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఉల్లిపాయలో పెద్ద ముక్క అందుకున్నాడు.

"ఇది రాకముందు వల వేస్తే చేపలకి బదులు సంచులు పడేవి. ఇంటికెళితే మా ఆవిడ ముక్కు మూసుకుని తలుపు తీసేది. ఇప్పుడు పిల్లలు దిగి ఈత కొడుతున్నారు! చూస్తుంటే నాకెంత సంతోషమో చెబితే నవ్వుతావు."

"మరి ముఖం అలా వేలాడేశావేం?"

"రేపు దీన్ని పట్టుకుపోతున్నారు. పెద్ద నగరంలో పెడతారట. మా ఊరి ఏరు ఎలా ఉంటే వాళ్లకేం? తంతా పట్నం నుంచి క్రేనువాడొచ్చి, కొక్కెం తగిలించి ఎత్తుకుపోతాడట. రానీ వాణ్ణి! ఈ తెడ్డుతోనే నడుం విరగ్గొడతా!"

"వాడేం చేశాడన్నా పాపం? చెప్పిన పని చేస్తాడు."

"మనసున్నవాడు చేసే పనేనా అది?"

అతను తినడం ఆపాడు. ఎర్ర బకెట్టొకటి నోటికి అడ్డం పడి, మింగలేక కక్కలేక అవస్థ పడుతున్న గేదె వంకే కాసేపు చూశాడు. తర్వాత చివరి రొట్టెముక్క ఉప్పులో అద్దుకుని నెమ్మదిగా నమిలాడు. గిన్నె కూడా తుడిచేసి లేచాడు.

"చాలన్నా, వస్తా."

"ఇంకేం మిగిలిందని చాలూ!" అతను కాస్త దూరం వెళ్లాక మిత్వల్లీ ఉండబట్టలేక అరిచాడు. "నడిఏట్లోంచి పిలిస్తే వచ్చి తిన్నవాణ్ణి నా జన్మలో చూడలేదయ్యా! సిగ్గుండాలి మనిషికి!"

అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున్నుంచీ తెడ్డు భుజాన వేసుకుని కాపు కాశాడు మిత్వల్లీ. ఎవరూ రాలేదు. గేదె తన మేత తాను మేసుకుంటోంది. మధ్యాహ్నం దాటాక ఓపిక చచ్చి గట్టుకొచ్చాడు.

టీ కొట్టు ఉమ్ సాబ్రిన్ అతన్ని చూసి నవ్వాపుకోలేకపోయింది.

"ఆ తెడ్డు దించు మిత్వల్లీ! నీ గేదె ఎక్కడికీ పోదు."

"క్రేను రాలేదా?"

"ఎందుకు రాలేదు? మొన్ననే వచ్చి నా కొట్టు వెనకే ఆగింది. ఇవాళ పొద్దున ఆ డ్రైవరు ఖాళీ బండి వెనక్కి తిప్పుకుని పోయాడు. ఫోన్లో ఆఫీసువాళ్లు ఎన్ని కేకలేసినా, నావల్ల కాదంటే కాదన్నాడు. కారణం విని తంతాలో మిగతా క్రేనువాళ్లు కూడా మేం రామన్నారట. సరే, అక్కడే ఉండనీ అన్నారు ఆఫీసువాళ్లు."

మిత్వల్లీ తెడ్డు కింద పారేశాడు. ఆనందం పట్టలేక అక్కడే రెండు గంతులేశాడు.

"ఎవడమ్మా ఆ మహానుభావుడు? పిలువు, మా ఇంట్లో కడుపునిండా భోజనం పెడతా! ఇది ఉత్తుత్తి పిలుపు కాదు, మా అమ్మ మీద ఒట్టు!"

"ఇప్పుడా పిలిచేది? ఈపాటికి తంతా చేరి ఉంటాడు." ఉమ్ సాబ్రిన్ టీ గ్లాసు అతని చేతికిచ్చింది. "పోతూ పోతూ నీకో మాట చెప్పమన్నాడు: 'నిన్న నీ పడవలో నీ ఉప్పు తిన్నాను, ఆ చేత్తో నీ గేదెకి కొక్కెం వెయ్యలేనన్నా' అని."