అది తినట్లేదు

“ఇగ్వానా ఇంటావిడ ఫోన్ చేశారు సార్. తినట్లేదట, మిమ్మల్ని ఒకసారి మాట్లాడమన్నారు,” అని చెప్పి అసిస్టెంటు, చెవికి పుండుపడ్డ కుక్కని బల్లమీద అదిమిపట్టుకునే పనిలో పడింది. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ కుక్క అరుపుల్లో డాక్టరుకి వినబడలేదు.

ఈ పశువుల డాక్టరు దగ్గరికి కుక్కలూ పిల్లులూ కొల్లలుగా వస్తాయి గానీ, ఇగ్వానా మాత్రం ఒక్కటే. గడ్డం కింద వేలాడే తోలు సంచి, వీపు పొడుగునా ముళ్ళు, ఎవరినీ ఖాతరు చెయ్యని చూపు. ఆ పచ్చటి పెద్ద బల్లికి ‘దొరగారు’ అని పేరు పెట్టింది ఆయనే. దాన్ని పెంచే లిఫ్టు మెకానిక్ భుజాన వేసుకుని తీసుకొచ్చేవాడు. అతని కూతురు వెనకాలే తోక చివర పట్టుకుని నడిచేది. డాక్టరు చెప్పిన ప్రతి జాగ్రత్తా రెండేసిసార్లు అడిగి మరీ కంఠతా పట్టేది.

కిందటి నెల ఆ మెకానిక్ పనిలో ఉండగానే ప్రమాదం జరిగి పోయాడు. పలకరించి రావాలి రావాలి అనుకుంటూనే డాక్టరు రోజులు నెట్టేశాడు. ఇప్పుడు మొహం చెల్లకపోయినా ఫోన్ చేశాడు.

“ఎప్పట్నుంచి తినట్లేదమ్మా?”

“ఆయన పోయినప్పట్నుంచీ అంతంతమాత్రమేనండీ. ఈ వారం మరీ ఘోరం. మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టట్లేదు. ఆ అద్దాల గదిలోంచి బయటికే రాదు.”

అద్దాల గది సంగతి డాక్టరుకి తెలుసు. మెకానిక్ తన పడగ్గదిలో సగానికి అద్దాలు బిగించి, కొమ్మలు పాతి, వేడి దీపం వేలాడదీసి దొరగారికి మహలు కట్టించాడు.

“లైటు వెలుగుతోందా?”

“ఆపనివ్వదండీ.”

డాక్టరుకి నవ్వొచ్చింది. ఎలా ఆపనిస్తుంది, దానికి సూర్యుడంటే అదే కదా అనుకున్నాడు. ఇగ్వానాని సాకడమంటే మాటలు కాదు. వేడి తగ్గితే తిన్నది అరగదు, గాలిలో తడి తగ్గితే పాత చర్మం ఊడిరాదు, ఆకుల్లో సున్నం చాలకపోతే ఎముకలు వంకర్లు పోతాయి. మీ ఆయన దాన్ని అంతకాలం కంటికి రెప్పలా ఎలా చూసుకున్నాడో అని మెచ్చుకున్నాడు. తర్వాత హెచ్చరించాడు.

“లైటు మాత్రం జాగ్రత్తమ్మా. ఒక్క రాత్రి ఆరిపోయినా చలికి కొయ్యబారిపోతాయి.”

“తెలుసండీ,” అంది ఆవిడ, వినీ వినబడనట్టు.

బలవంతంగా నోట్లో కుక్కొద్దన్నాడు. ఉన్న చోటు మార్చొద్దన్నాడు. దగ్గర ఊరికే కూర్చోమన్నాడు. ఆయన చొక్కా ఏదైనా ఉంటే పక్కన పడెయ్యమన్నాడు, వాసన గుర్తుపడుతుందని. చొక్కా ఎప్పుడో పట్టుకుపోయిందనీ, దానిమీదే పడుకుంటోందనీ ఆవిడ చెప్పింది. ఆయన మీద బెంగపెట్టుకుంది అంది. చల్లటి నెత్తురు జంతువుకి బెంగేమిటని డాక్టరుకి లోపల ఉన్నా, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషితో వాదం దేనికని ఊఁ కొట్టాడు.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. జామకాయ ముక్క చేత్తో అందిస్తే కాస్త కొరికిందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ప్రాణం లేచొచ్చింది. ఆ మర్నాడు మళ్ళీ మొదటికొచ్చింది. కళ్ళు కూడా తెరవట్లేదని ఏడ్చింది.

“అందరూ నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది అంటున్నారండీ. రోజురోజుకీ ఎండిపోతోంది, చూస్తున్నదాన్ని నేను కదా. ఇది కూడా పోతే నాకెవరున్నారు డాక్టరుగారూ?”

డాక్టరు గుండె తరుక్కుపోయింది. మీకు కూతురుంది కదమ్మా అనబోయాడు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి మాట సరిదిద్దడం దేనికని ఆగిపోయాడు.

“సాయంత్రం నేనే వస్తాను.”

“మీరొస్తే తింటుందండీ. మీ మాటంటే దానికి గురి.”

దొరగారికి ఒకరి మాట మీద గురేమిటి? కిందటిసారి గోళ్ళు తీస్తుంటే తోకతో కొట్టిన దెబ్బకి డాక్టరు ముంజేయి వాచిపోయింది. అయినా సరేనని, విటమిన్ చుక్కలూ సన్న సిరంజీ సంచిలో వేసుకున్నాడు. క్లినిక్ కంచె దగ్గరి మందారపువ్వులు రెండు కోసుకున్నాడు. ఆ పువ్వంటే దొరగారు ఎంత బెట్టు చేస్తున్నా నోరు తెరిచేవారు.

ఆవిడ తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. ఆలస్యంగా వచ్చినందుకు క్షమించమని డాక్టరు అంటే, ఇప్పటికైనా వచ్చారు, అదే చాలంది. గొంతు తగ్గించి, నిద్రలో ఉలిక్కిపడుతోందనీ మెల్లగా మాట్లాడమనీ చెప్పి లోపలికి తీసుకెళ్ళింది.

అద్దాల గది తలుపు వారగా తీసి ఉంది. లోపలి దీపం కళ్ళలో కొడుతోంది. కొమ్మలమీద ఏమీ లేదు. మూల, దీపం కింద, దుప్పటి ఒకటి గుట్టగా పడి ఉంది. డాక్టరు మోకాళ్ళమీద కూర్చుని మందారపువ్వు లోపలికి చాచాడు.

“దొరగారూ,” అని బుజ్జగింపుగా పిలిచాడు. “ఏమిటి ఈ అలక?”

గుట్ట కదల్లేదు.

“అలా పిలవకండి, అది వింటే తట్టుకోలేదు,” అంది వెనకనుంచి ఆవిడ. “పోయినవారం ఒక రాత్రి బల్బు మాడిపోయి, పొద్దున్నదాకా ఎవరం చూసుకోలేదు. చలికి కొయ్యబారిపోయిన దొరగారిని పెరట్లో పూడ్చాం. మీ క్లినిక్‌లో అమ్మాయికి అంతా చెప్పానండీ, మీకు చెప్పలేదా?”

చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం డాక్టరుకి చేతకాలేదు.

దుప్పటి కింద నుంచి ఒక చిన్నపిల్ల చెయ్యి బయటికి వచ్చింది.