బేరింగు శుభలేఖ

"సార్, మీకు పెళ్లికార్డు వచ్చింది. తీస్కోవాల్నా, వాపస్ పంపాల్నా?"

ఇంటర్‌కమ్‌లో గేటు సెక్యూరిటీ మల్లయ్య అడిగిన తీరుకి బుల్లిబాబుకి చిర్రెత్తింది. శుభలేఖని వాపసు పంపడమేమిటి?

"తీసుకుని నీ దగ్గర ఉంచవయ్యా. దానికి కూడా అడగాలా?"

"గట్ల కాదు సార్. బేరింగట. స్టాంపులు తక్కువ అంటించిన్రట. పది రూపాయలు కడితెనే ఇస్తనంటుంది పోస్టామె."

"ఎంత తక్కువైందిట?"

"అయిదు రూపాయలట. దానికి డబల్ కట్టాల్నట. రూలట సార్."

"తక్కువ అంటించినవాడు ఎవడో, జరిమానా నేను కట్టాలా? ఇదెక్కడి రూలయ్యా! ఇంతకీ పంపిందెవరు?"

"పైన పేరు రాయలే సార్. మీ అడ్రస్ ఒక్కటే ఉంది. మూలలకు మంచిగ పసుపు పెట్టిన్రు."

తెల్లాపూర్‌లోని ఆ గేటెడ్ కమ్యూనిటీలో పిజ్జా తెచ్చినవాడైనా, ఉత్తరం తెచ్చిన ఆవిడైనా గేటు దాటి లోపలికి రాకూడదు. కవరు చూడాలంటే బుల్లిబాబే లిఫ్టు దిగి, నాలుగు టవర్లు చుట్టి నడవాలి. దానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. మోకాళ్ల కంటే ముందు కోపం ఒప్పుకోలేదు.

"నేను కడత సార్, తర్వాత ఇద్దురు గని," అన్నాడు మల్లయ్య. "పసుపు పెట్టిన కార్డు వాపస్ జేస్తే మంచిగుండదు."

"రూపాయి కట్టావంటే ఊరుకోను! మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు మొన్నీమధ్యే నేనూ పంపాను. వంటింట్లో త్రాసు మీద తూచి మరీ లెక్కేసుకుని అంటించాను స్టాంపులు. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లకి పెళ్లిళ్లెందుకు? పంపేయ్ వెనక్కి!"

"మీ ఇష్టం సార్," అన్నాడు మల్లయ్య. ఇంటర్‌కమ్ ఆగింది.

బుల్లిబాబు కోపం మాత్రం ఆగలేదు. మనిషి చెడ్డవాడు కాదు కానీ, కోపం వస్తే నలుగురికీ చెప్పందే తిన్నది అరగదు. ఫోను తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో టైపు చేశాడు.

"పెళ్లికి లక్షలు పోస్తారు, స్టాంపు దగ్గర అయిదు రూపాయలకి చూసుకుంటారు. ఏనుగుని కొని అంకుశానికి వెనకాడే రకం. బేరింగు శుభలేఖ వస్తే పుచ్చుకోకండి, తిప్పికొట్టండి. అలాంటి వాళ్ల పెళ్లికి అసలు వెళ్లకండి."

చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. అతనికి వాటితో పని లేదు. ఫోను టింగుమన్నప్పుడల్లా అతని కళ్లు వెతికేది ఒక్క పేరుని. తణుకులో ఉన్న అన్నయ్య స్వామి పేరుని.

తండ్రి తద్దినం రోజున మాటా మాటా పెరిగిన దగ్గర్నుంచి స్వామి అతనితో మాట్లాడటం మానేశాడు. గ్రూపులో అందరి కబుర్లూ చదువుతాడు, ఒక్క ముక్క రాయడు. "అన్నయ్యగారిని మనమే వెళ్లి పిలుద్దామండీ, పెద్దదిక్కు లేకుండా పీటల మీద ఎలా కూర్చుంటాం?" అని భార్య అమ్మణ్ణి పోరింది. వెళ్తే మొహం మీదే తలుపేస్తాడేమోనని బుల్లిబాబుకి భయం. "ముందు శుభలేఖ పంపుదాం. ఒక్క మాట జవాబొచ్చినా చాలు, బట్టలు పట్టుకుని వెళ్లి కాళ్ల మీద పడతాను," అన్నాడు. శుభలేఖ పోస్టు చేసి నాలుగు రోజులైంది. జవాబు లేదు.

ఫోను మళ్లీ టింగుమంది.

స్వామి!

"బాగా చెప్పావురా బుల్లీ. ఇందాక నాకూ ఒకటి బేరింగులో వచ్చింది. ఎవరిదని కూడా అడగలేదు. గుమ్మంలోంచే తిప్పి పంపేశాను."

బుల్లిబాబుకి మిగతాదంతా అలికినట్టయింది. అతను చూసింది 'బుల్లీ' అన్న ఒక్క మాటే. అన్నయ్య ఆ పిలుపు పిలిచి ఎన్నాళ్లయింది! కళ్లు తుడుచుకుని మళ్లీ చదువుకున్నాడు.

తలుపు తీసుకుని అమ్మణ్ణి లోపలికొచ్చింది. పెళ్లికూతురు ఉమాశ్రీ జాకెట్లు టైలరు దగ్గర్నుంచి తెచ్చిన సంచీ ఆమె చేతిలో ఉంది.

"అమ్మణ్ణీ, అన్నయ్య మాట్లాడాడే! బుల్లీ అన్నాడు!"

"నిజంగానా?" సంచీ సోఫాలో పడేసి, ఎదురుగా గోడకున్న వేంకటేశ్వరుడికి దణ్ణం పెట్టింది. "ఏమన్నారేంటి?"

"ఎవడో పిసినారి బేరింగులో శుభలేఖ పంపితే ఇక్కడ నేను తిప్పికొట్టాను, అక్కడ అన్నయ్యా తిప్పికొట్టాడు. ఎంతైనా ఒక తల్లి బిడ్డలం! రేపే తణుకు వెళ్దాం. అన్నయ్యకి పంచెల చాపు, వదినకి చీర సర్దు."

"సర్దుతాను. ఈలోగా మన శుభలేఖ కూడా వాళ్లకి అందుతుందిగా?"

"అందకేం? నా చేత్తో తూచి అంటించాను స్టాంపులు."

అమ్మణ్ణి తృప్తిగా తలూపి, అప్పుడే గుర్తొచ్చినట్టు అంది.

"బొట్టు పెట్టి పిలవాల్సిన వాళ్లని పోస్టులో పిలుస్తున్నాం కదా అని, మీరు స్టాంపులంటించాక ప్రతి కవర్లోనూ పసుపు కుంకుమ పొట్లాలు వేశానండీ. దారిలో చిరిగిపోతాయేమో చూద్దామని మనింటికి కూడా ఒకటి పోస్టు చేశాను, ఇంకా రాలేదేమిటి?"