ఎనిమిదడుగుల పుప్పొడి

"ఇది పుప్పొడి కాదండీ," అంది వృక్షశాస్త్రం మేడమ్, ముసుగు కొంచెం ఎత్తి చూసి.

శిల్పి గబగబా దగ్గరికొచ్చాడు. పరిశోధన సంస్థ ముంగిట ఎనిమిదడుగుల ఎత్తున నిలబడి ఉంది ఆయన శిల్పం. ఇంకో గంటలో డైరెక్టర్ వచ్చి ముసుగు తీస్తాడు. షాపుల ముందు పెట్టే ఐస్‌క్రీమ్ కోన్ బొమ్మలు చేసుకుంటూ బతికిన మనిషికి ఇన్నాళ్లకు దక్కిన అసలైన పని ఇదే.

మందార పువ్వును మైక్రోస్కోపు కింద పెట్టి, మూడు వారాలు కళ్లు కాయలు కాసేలా చూసి చేశానని వాదించాడు.

"మందార పుప్పొడి ముళ్ల బంతిలా ఉంటుంది. ఇది కాడకి అంటించిన మూత చెంబులా ఉంది," అందావిడ.

కళ అన్నాక కొంచెం అటూ ఇటూ ఉంటుందని శిల్పి నసిగాడు. ఆవిడ శిల్పం కిందనున్న ఇత్తడి పలకను చూపించింది. 'పుప్పొడి: శాస్త్రీయంగా నూటికి నూరుపాళ్లు నిజం' అని దాని మీద చెక్కించింది ఆయనే. భుజాల దాకా పెంచిన జుట్టులోకి చెయ్యి పోనిచ్చి బరబరా గోక్కున్నాడు. పొద్దున్న బయల్దేరేటప్పుడు దువ్వుతాను రమ్మని భార్య ఎంత పిలిచినా, కళాకారుడి జుట్టు ఇలాగే ఉండాలని కొట్టిపారేశాడు. బడికి సెలవు పెట్టి వచ్చిన ఆ ఒకటో తరగతి టీచరమ్మ ఇప్పుడు పక్కనే నిలబడి అంతా వింటోంది.

మేడమ్ పైఅంతస్తు నుంచి కీటకశాస్త్రం సారుని పిలిపించింది. ఆయన ముసుగు పైకెత్తించి శిల్పం చుట్టూ తిరిగి, మూత మీది రంధ్రాలు లెక్కపెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"ఇది పురుగు గుడ్డండీ. కాడకి జిగురుతో అంటుకున్న తీరు కూడా అచ్చు గుద్దినట్టు దించేశారు. ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు."

శిల్పికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మాట మార్చడానికి క్షణం పట్టలేదు. తనకి మొదటినుంచీ ఆ అనుమానం ఉందన్నాడు. పలక మీద ఒక్క మాట మారిస్తే సరిపోతుందన్నాడు. పువ్వు దుమ్ముకంటే పుట్టబోయే ప్రాణమే గొప్ప విషయమని కూడా అన్నాడు.

"సీతాకోకచిలుకదేనా అండీ?" అని ఆశగా అడుగుతూ మళ్లీ తల గోక్కున్నాడు.

కీటకశాస్త్రం సారు ఆ చేతినే చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు కాడ అనుకున్నది వెంట్రుక," అన్నాడు మెల్లగా.

శిల్పి తలెత్తి తన కళాఖండాన్ని చూశాడు. ప్రకృతి రహస్యాల కోసం అడవులన్నీ గాలించానని నిన్ననే పేపరువాళ్ల దగ్గర కోతలు కోసిన సంగతి గుర్తొచ్చి, తనమీద తనకే నవ్వొచ్చింది.

భార్య నవ్వలేదు. తరగతి పిల్లల కోసం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగే పేల దువ్వెన బయటికి తీసి, "ఇప్పుడైనా కాస్త తల వంచండి," అంది.