టూవా వెనకాల

"ఒట్టెయ్యి నాన్నా. నా వెనకాల రావు కదూ?"

పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడి అడిగింది పదకొండేళ్ల టూవా. పసుపుపచ్చ చొక్కా మీద నంబరు, ఎడమచేతిలో దిక్సూచి, వేలికి చిప్పు. అడవిలో జెండాలు వెతుక్కుంటూ ఒంటరిగా పరిగెత్తడం ఆ పిల్లకి ఇదే మొదటిసారి.

"నేనెందుకొస్తానమ్మా? నా మానాన నేను నడకదారిలో షికారు చేసుకుంటాను," అన్నాడు హోల్గర్.

"నువ్వు వెనకాల కనిపిస్తే నన్ను పోటీలోంచి తీసేస్తారు. అమ్మ చెప్పింది కదా!"

"నాకూ చెప్పింది. నాలుగుసార్లు."

తల్లి యిల్వా అప్పటికే పెద్దవాళ్ల పోటీలో ఎక్కడో అడవిలో ఉంది. గడియారం కీచుమంది. టూవా మ్యాపు లాక్కుని చెట్లలోకి దూసుకుపోయింది.

ఏటా వేసవి సెలవుల్లో కారు వెనక క్యారవాన్ బండి కట్టుకుని తల్లీకూతుళ్లను పోటీలకు తీసుకొచ్చేది హోల్గరే. ఈసారి డలార్నా అడవులు. మ్యాపు చదవడం మాత్రం ఆయనకు చేతకాదు. వాళ్లు పరిగెడుతుంటే, చెట్లకు రంగు గుర్తులు వేసిన నడకదారిలో ఓ చుట్టు తిరిగి వచ్చేవాడు.

ఆవేళ కూడా ఆ దారే పట్టాడు. వంద అడుగులు వేశాడో లేదో, కాళ్లు వాటంతటవే పక్కకు తిరిగాయి. 'దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేస్తాను. అంతే,' అనుకున్నాడు.

మొదటి జెండా దగ్గర పిల్ల చురుగ్గానే ఉంది. జెండా కింది పెట్టెకు వేలి చిప్పు తాకించి హాజరు వేసుకుని పరిగెత్తింది. రెండో జెండా దగ్గర మాత్రం ఆగిపోయింది. మ్యాపు అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెనక్కి చూసింది. హోల్గర్ గబుక్కున బండరాయి చాటుకు తప్పుకున్నాడు. మళ్లీ తొంగిచూసేసరికి టూవా మోచేత్తో మొహం తుడుచుకుంటోంది. చెమటా, కన్నీళ్లా? అంత దూరం నుంచి తెలియలేదు.

మిగతా పిల్లలు ఎడమవైపు గుట్ట ఎక్కుతున్నారు. టూవా కుడివైపు తిరిగింది.

'అటు కాదమ్మా!' గొంతుదాకా వచ్చిన కేకను మింగేశాడు. పిలిస్తే పోటీ పోతుంది. పిలవకపోతే పిల్ల పోతుంది.

కుడివైపంతా ఊబినేల. టూవా గడ్డిదుబ్బుల మీద లేడిపిల్లలా గెంతుకుంటూ పోయింది. హోల్గర్ రెండో గెంతుకే మోకాలిదాకా దిగబడిపోయాడు. కాలు వచ్చింది గాని బూటు రాలేదు. మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని లాక్కునేసరికి పసుపుపచ్చ చొక్కా ఎక్కడా కనిపించలేదు.

"టూవా!"

ఇక పోటీ సంగతి గుర్తే లేదు. "టూవా! అమ్మా, టూవా!"

దోమలు మొహం నిండా ముసిరాయి. ఎటు చూసినా ఒకేలా ఉన్న పైన్ చెట్లు. తను ఎటునుంచి వచ్చాడో కూడా తెలియడం లేదు. ఫోను కోసం జేబు తడుముకుంటే, అది క్యారవాన్‌లోనే ఉండిపోయింది.

"ఎవరిని పిలుస్తున్నావయ్యా?"

చెట్ల మధ్యనుంచి ఒక ముసలాయన వగరుస్తూ వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. చొక్కా మీద ఆయనకూ నంబరుంది.

"మా అమ్మాయండీ... పదకొండేళ్లది... ఈ ఊబిలోకే వచ్చింది. కనిపించడం లేదు."

ముసలాయన ఒకసారి గడియారం చూసుకున్నాడు. మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి మీ పోటీ?" అన్నాడు హోల్గర్.

"పిల్ల కనబడకపోతే ఇంకేం పోటీ! ఇవాళ మోకాళ్లు కూడా మాట విన్నాయి, ప్చ్. పద. ముగింపు దగ్గర చెబితే వెతకడానికి జనాన్ని పంపిస్తారు. నా పేరు సిక్స్‌టెన్. నా అడుగులో అడుగు వెయ్యి."

ఇద్దరూ ఊబి అంచు వెంట నడిచారు.

"పిల్లకి ఈత వచ్చా?" అన్నాడు సిక్స్‌టెన్.

"వచ్చు. ఏం?"

"ఊరికే అడిగాను."

హోల్గర్ ఊబిలో నిలిచిన నీళ్లవైపు చూశాడు. తడిసిన బూటు అడుగడుక్కీ చప్పుడు చేస్తోంది. "నా వల్ల ఏమవుతుందండీ," అన్నాడు కాసేపటికి తనలో తనే అన్నట్టు. "మ్యాపు చదవడం కూడా రానివాణ్ణి. కళ్లముందే దారి తప్పుతుంటే చెట్టులా నిలబడి చూశాను."

ముసలాయన వెనక్కి తిరగకుండానే, "నడువు నాయనా," అన్నాడు.

అరగంటకు మైకు మోత వినిపించింది. హోల్గర్ పరుగున వెళ్లి నిర్వాహకుల బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. సంగతంతా సిక్స్‌టెనే చెప్పాడు.

"పేరు?" అంది బల్ల దగ్గరి ఆవిడ.

"టూవా."

ఆవిడ కంప్యూటర్లోకి చూసింది. "వచ్చేసి చాలాసేపయిందే! పన్నెండో స్థానం. అదుగో, ఆ గుడారం పక్కన."

టూవా గడ్డిలో చతికిలబడి దాల్చినచెక్క బన్ను తింటోంది. మేజోళ్లు మోకాళ్లదాకా బురద. హోల్గర్ వెళ్లి కూతురి ముందు కూలబడి గట్టిగా వాటేసుకున్నాడు. అంతసేపూ ఆగిన ఏడుపు ఇక ఆగలేదు. కొంచెం ఎడంగా నిలబడ్డ సిక్స్‌టెన్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"తప్పిపోయావా తల్లీ? భయం వేసిందా? ఇంకెప్పుడూ నిన్ను ఒంటరిగా పంపను."

ఎవరికైనా వినబడుతుందేమోనని టూవా అటూ ఇటూ చూసింది. తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది:

"నేను తప్పిపోలేదు నాన్నా... నిన్ను చూసి తప్పించుకున్నాను."