డబ్బా ఒక్క టైరుకే

పదకొండింటికల్లా కోర్టులో ఉండాలి. ఇద్దరూ ఉండాలి. జడ్జిగారి ముందు నిలబడి "ఇష్టపడే విడిపోతున్నాం" అని చెరో ముక్క చెబితే, పదమూడేళ్ళ కాపురం పావుగంటలో తెగిపోతుంది. రాకపోతే అర్జీ కొట్టేస్తారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. లాయరు ఈ మాట నిన్న మూడుసార్లు చెప్పాడు.

ఆయన వదినగారి హాల్లో ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నిజానికి కూర్చున్నది సోఫా మీద. తను కట్టినదే. సోఫాలు కట్టడమే ఆయన పని. ఇది మాత్రం పెళ్ళైన కొత్తలో భార్య కోసం కట్టాడు. నీలం మేకులు కావాలని ఆమె పట్టుబడితే, ఏ కొట్లోనూ దొరక్క, ఒకటిన్నర అంగుళాల మేకులు తెచ్చి ఒక్కోదాని తలకీ తనే రంగు వేశాడు. ఎనిమిది నెలల కిందట అక్క ఇంటికి వచ్చేస్తూ ఆమె వెంట తెచ్చుకున్న సామాను ఇదొక్కటే.

చెయ్యి అలవాటుగా మేకుల వరస తడిమింది. ఒకచోట మేకు లేదు. చిల్లు మాత్రం ఉంది.

"ఇంకా రాదేం వదినా? టైమవుతోంది."

"సంచీ కార్లో పెట్టొస్తానని తాళాలు పట్టుకెళ్ళింది మరిదిగారూ. పది నిమిషాలైంది. మీరే వెళ్ళి ఎక్కండి."

కారు బయల్దేరింది. ఆయన నిమిషానికోసారి గడియారం చూస్తున్నాడు. ఆమె సంచీ జిప్పు లాగడం, మూయడం, మళ్ళీ లాగడం. పద్దెనిమిది కిలోమీటర్లు వచ్చారో లేదో, బండి ఒక పక్కకి లాగసాగింది.

ఆయన దిగి చూశాడు. "వెనక టైరు. నా వైపుది."

"వెనకదా?" ఆమె గబుక్కున దిగింది. "ముందువి చూశారా?"

"బానే ఉన్నాయి."

టైరులో ఇత్తడి తల మేకు మెరుస్తోంది.

"మీ షాపు మేకే," అంది ఆమె. "చొక్కా జేబుల్లో మేకులు, పరుపు మీద మేకులు. ఇప్పుడు రోడ్డు మీద కూడా."

అసలు గొడవ మొదలైంది అక్కడే. పరుపు మీద మేకు గుచ్చుకుని ఆమె నాలుగు మాటలంది. ఆయన నోరుజారి "ఇష్టం లేకపోతే పో" అన్నాడు. ఆమె పోయింది. ఆ తర్వాత ఇద్దరికీ పంతం.

"ఈ కారుకి స్టెపినీ లేదు." ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇక అయిపోయింది."

"ఏం అవలేదు. డబ్బా ఉందిగా."

డిక్కీలో మ్యాటు కింద నుంచి ఎర్ర డబ్బా తీసింది. పంక్చర్లు పూడ్చే జిగురు డబ్బా. కారు కొన్నప్పుడు పోరి మరీ కొనిపించింది. ఆయన ఆ సంగతే మరిచిపోయాడు.

"గడువు దాటిపోయుంటుంది."

ఆమె పనిచేసేది మందుల షాపులో. చిన్న అక్షరాలు ఆమెకి లెక్కకాదు. "ఇంకా రెండు నెలలుంది," అని, పైకి చదివింది. "బాగా కుదపాలి. మేకు పీకకూడదు. గొట్టం వాల్వుకి బిగించి నొక్కాలి. నింపగానే ఐదు కిలోమీటర్లు ఆగకుండా నడిపి, గాలి చూసుకోవాలి. అరవై స్పీడు దాటకూడదు. డబ్బా ఒక్క టైరుకే."

ఆఖరి ముక్క రెండుసార్లు చదివింది.

ఆయన డబ్బాని చంటిపిల్లని ఊపినట్టు ఊపాడు.

"అదేం కుదపడం? పొద్దున తినలేదా?"

తెల్లటి నురగ గొట్టంలోంచి బుసబుసమంటూ లోపలికి పోయింది. చప్పబడ్డ టైరు మెల్లగా లేచి నిలబడింది. ఐదు కిలోమీటర్లు నడిపి ఆపి, ఆయన కాలితో తన్ని చూశాడు. గాలి నిక్షేపంలా ఉంది. గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇలా పోతే అందుకుంటాం," అంది ఆమె.

"అందుకుంటాం," అన్నాడు ఆయన.

అరవై దాకా పోవచ్చు. ఆయన నలభై దాటలేదు. ఆమె స్పీడు ముల్లు చూసింది. కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూస్తోంది.

"ఏం చూస్తున్నావ్?"

"ఏదో చప్పుడైతేనూ."

పది ఇరవై అయింది. బండి మళ్ళీ లాగింది, ఈసారి రెండో పక్కకి.

"ముందుది. నా వైపుది," అంది ఆమె, తలుపు తీయకుండానే.

ఇద్దరూ దిగి టైరు మీదికి వంగారు. వెనకనుంచి బస్సొకటి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అదే కోర్టున్న ఊరికి పోయే బస్సు. ఇద్దరూ తలెత్తేసరికి దుమ్ము మిగిలింది. కారులో ఫోన్ మోగుతోంది. లాయరే అయ్యుంటాడు. మోగి మోగి ఆగిపోయింది.

ఆయన గొంతుక్కూర్చుని టైరుకంటిన మట్టిని బొటనవేలితో తుడిచాడు. మేకు తల బయటపడింది. నీలం రంగు. ఒక అంచున రంగు కాస్త పలచబడి ఉంది.

సోఫా మేకుల వరస తడిమినట్టే దాన్నీ వేలితో తడిమాడు.

"ఏవండీ," అంది ఆమె. ఎనిమిది నెలల తర్వాత ఆ పిలుపు. "మళ్ళీ మీ మేకేనా?"

"నాదే. రంగు కూడా నేనే వేశాను."

ఆమె మొహం జేవురించింది. తల దించుకుని చీర కొంగు వేలికి చుట్టుకోసాగింది.

ఒక్క మాటైనా అందామంటే ఆయనకి మొహం చెల్లలేదు. పొద్దున తన ఇంటి దగ్గర, వెనక టైరు కింద ఇత్తడి మేకు నిలబెట్టి మరీ బండి కదిలించినవాడు తనేనాయె.